మనిషికో రోజు

శుక్రవారం రాత్రి, జమ్మలమడుగు

పొద్దున బెంగళూరు నుంచి వచ్చాం. మా ఆయన గుండె కవాటం మూసుకుపోతోందట. ఛాతీ కోయక్కర్లేదు, తొడ నరంలోంచి సన్నటి గొట్టం పంపి బెలూన్‌తో వెడల్పు చేస్తానన్నాడు డాక్టరు. ఆలస్యం మాత్రం చేయొద్దన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన అడిగింది ఒక్కటే.

"ఆ తర్వాత తెల్లార్లూ కాలు మడవకుండా పండుకోవల్లనా? ఎవురన్నా మీదికొస్తే లేసేదెట్ల సార్?"

డాక్టరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పార్టీ గొడవల్లో వాళ్లన్నను చంపినప్పటి నుంచి ఆయన వాకిలికి వీపు పెట్టి కూర్చున్నది లేదు.

ఆపరేషన్ రోజు ఖాయం చేసుకునేటప్పుడు ఆయన నన్ను బయటికి పంపారు.

సాయంత్రం ఇంటికొచ్చిన పార్టీవాళ్లతో, "గురువారం పోతాండా" అన్నారు. జీపు డ్రైవరుకు సోమవారమని చెప్పారు. ఎక్కడికి బయల్దేరినా అంతే, మనిషికో రోజు చెప్తారు. తర్వాత వంటింట్లోకొచ్చి గొంతు తగ్గించి, "మంగళవారం పోదాం మే. ఎవురికీ చెప్పొద్దు" అన్నారు.

సంచి సర్దాను. మళ్లీ తీసి చూశాను. నిద్ర పట్టడం లేదు. ఈ మంగళవారం నిజమైనదా, నా వంతుకు వచ్చినదా? నా సంగతి పోనీ. ఆ డాక్టరుకైనా నిజం రోజు చెప్పారో లేదో...