గోడ పక్కన గాలి

12 జులై 1972, బుధవారం
గోదావరిఖని

ఈ రోజు బొగ్గు గనిలో నాన్న మాట నెగ్గింది. కొత్తగా వచ్చిన ఆఫీసరు సొరంగం బాట నడుమ నిలబడి మీటరుతో గాలి కొలిచి, చాలినంత ఉందని రాసుకున్నాడట. నాన్న చిటికెడు సున్నప్పొడి తీసి నడుమ వదిలితే కొట్టుకుపోయింది. గోడ పక్కన వదిలితే నిటారుగా కిందపడింది.

“మా మనుషులు పనిచేసేది గోడ కాడ సారూ, గాడ కొలవుండ్రి,” అన్నాడట. ఆయన మళ్లీ కొలిచి, రాసింది కొట్టేశాడు.

అన్నం తింటూ నాన్న ఇది చెబుతుంటే, బడిలో పిల్లలకు నేను చెప్పే పాఠం గుర్తొచ్చింది. గాలి అణువులు గరుకు గోడకు తగిలి తమ జోరును దానికిచ్చేస్తాయని, అందుకే అక్కడ గాలి మందగిస్తుందని నాన్నకు చెప్పాను.

“మేం గూడ గంతే బిడ్డా. జోరంత గోడకిచ్చి పైకొస్తం,” అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. దవాఖానకు పోదామంటే ఈసారీ మాట దాటేశాడు.

నేను పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకున్న సంగతిని, వేలిముద్ర వేసే మా నాన్న చిటికెడు పొడితో తేల్చాడు. రేపు తొమ్మిదో తరగతిలో సుద్దపొడిని కిటికీ నడుమ ఒకసారి, గోడ అంచున ఒకసారి వదిలి చూపిస్తాను. ఎవరు నేర్పారని పిల్లలు అడగకపోయినా చెబుతాను.