తొక్క ఒలిచిన ఎర

హేసున్ అక్కకు,

వానల్లేక జలాశయం సగానికి తగ్గి, మునిగిన మన పెరటి గోడ బయటపడింది. ఎండకు చేపలు లోతుకు దిగి వానపాములను ముట్టడం లేదు. "పొద్దువాలాక ఉడికించిన చిలగడదుంప పెట్టి చూడరా," అన్నాడు పడవ నడిపే మన్‌సోక్ మామ.

తొక్కతోనే ముక్క గుచ్చి, మామ పడవలోంచి గోడ పక్కనే గాలం వేశాను. మూడుసార్లూ ముక్క చెక్కుచెదరకుండా పైకొచ్చింది, తొక్క మాత్రం లేదు. మామకు చూపిస్తే, "చేప కొరికింది కాదురా, ఎవరో ఒలిచారు," అని పడవ వెనక్కి తిప్పేశాడు.

చిన్నప్పుడు నాకు తొక్క పడదని అమ్మ ఒలిచి పెట్టేది.

ఆనకట్ట కట్టినప్పుడు నేను సైన్యంలో ఉన్నాను. గోడ వెనకున్న అమ్మ సమాధిని కొండమీదికి మార్పించానని నువ్వు రాశావు. ఏటా మనం గడ్డి కోసి, సారా పోసి మొక్కుతున్నది కొండమీది ఆ సమాధి దిబ్బకే.

కోప్పడనక్కా. ఆ దిబ్బలో ఎవరున్నారు?

నీ తమ్ముడు