మా బడి చప్పట్లు

అక్కా, నేనిక్కడ కులాసా. మీరూ అలాగే ఉన్నారనుకుంటాను.

మామూలు సర్కారు బడుల టీచర్లతో సమానంగా, మా బధిరుల బడి టీచర్లకి కూడా జీతం, పింఛను, వైద్యం కార్డు ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. నిన్న పెద్దాఫీసు నుంచి ఒకాయన వచ్చి స్టాఫ్‌రూములో చదివి వినిపించాడు. ఆయన ముగించగానే, అలవాటు కొద్దీ మేమందరం చేతులు పైకెత్తి వేళ్లు ఆడించాం. మా పిల్లలకి చప్పుడు వినపడదు కనుక మా బడిలో చప్పట్లంటే అవే. పాపం, ఆయన కంగారుపడిపోయి, "ఇంతమందికి అభ్యంతరాలా? ఒక్కొక్కరే అడగండమ్మా!" అన్నాడు.

"అడిగేదేం లేదండీ, అవి మా చప్పట్లు" అన్నాను.

ఆయన కాగితం చంకలో పెట్టుకుని, తనూ రెండు చేతులెత్తి వేళ్లు ఆడించాడు. ఆ ఉత్తర్వు కన్నా ఆ చేతులు చూసే నా గుండె ఉప్పొంగింది.

అమ్మ పేరు కూడా కార్డులో చేర్చవచ్చట. తన ఫొటో వెంటనే పంపు. కంటి ఆపరేషన్ ఇంకా వాయిదా వేస్తే ఊరుకోనని చెప్పు. వంటింటి పైకప్పు కారడం ఆగిందా? నన్ను చదివించిన నీ కుట్టుమిషనుకి నూనె వేస్తున్నావా? నన్ను "సగం జీతం పంతులమ్మా" అని పిలిచే బావగారు ఇక వేరే పేరు వెతుక్కోవాలి.

అమ్మకి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు. ఇది చదవగానే అందరూ చేతులెత్తి వేళ్లు ఆడించండి, బావగారితో సహా. నాకిక్కడికి వినిపిస్తుంది.

నీ చెల్లి