గంటలో విజయవాడ

బేతంచెర్ల,
సోమవారం

ఆయేషాకు,

ఫోన్లో చెబితే నువ్వు మధ్యలోనే నవ్వేస్తావని ఉత్తరం రాస్తున్నాను. వేంపల్లెలో మీ అంగట్లో నువ్వు తీసిచ్చిన టికెట్టుతో విమానమెక్కి, విజయవాడలో మా చెల్లెలు జీవితను చూసొచ్చాను.

బస్సెక్కితే నాకు వాంతులని నీకు తెలుసు. విజయవాడలో జీవిత పెళ్లికి బస్సులో బయలుదేరి, తాళలేక గిద్దలూరులో దిగి వెనక్కి వచ్చేశాను. తొమ్మిదేళ్లయినా అది ఆ కోపం మరచిపోలేదు.

మొన్న మా ఆయన ఏసేపు నన్ను బండి మీద ఓర్వకల్లు విమానాశ్రయంలో దించాడు. విమానంలో నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. పక్క సీటు పెద్దామె, "భయపడాకమ్మా, యాడికి పోతాండావు?" అంది. చెల్లెలి కోపం సంగతి మొదలుపెట్టాను. ఇంకా పెళ్లి చీర కొన్న దగ్గరే ఉన్నాను, చక్రాలు నేలకు తగిలాయి. గంటకు కాస్త అటూ ఇటూ అయిందట, అంతే. రోజంతా ప్రయాణమని కట్టుకున్న చిత్రాన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

బయట జీవిత నిలబడి ఉంది. "అక్కా, వాంతులైనాయా?" అని అడిగింది.

"వాటికి టైము చాల్లేదే" అన్నాను.

అది నవ్వింది. నవ్వుతూనే నా మెడ పట్టుకుని ఏడ్చింది. "నువ్వు ఈసారీ రావనుకున్యా అక్కా" అంది. నన్ను ఫొటోలో తప్ప చూడని దాని కూతురు వచ్చి "పెద్దమ్మా" అని చెయ్యి పట్టుకుంది. ముగ్గురం అక్కడే ఓ పక్కన కూర్చుని చిత్రాన్నం తిన్నాం.

వచ్చే నెల తల్లీబిడ్డా ఇక్కడికి వస్తారు. రావడానికి టికెట్లు తీయి. తిరిగి పోవడానికి మాత్రం ఇప్పుడే తీయొద్దు.

నీ నేస్తం