ఉత్త పడిశమే అన్నవు గదా

బెన్‌హర్ అన్నా,

బాపును నిజామాబాద్ దవాఖానల చేర్పించిన. గుడ్డలకని ఇంటికొచ్చి మళ్ల పోతున్న. కుక్కర్ల అన్నం ఉంది. తిని, బాపు కళ్లద్దాలు పట్టుకొని రా.

రోజూ వాట్సాప్ సూసుడు, "ఉత్త పడిశమే, కషాయం తాగు" అనుడు. పొద్దుగాల నువ్వు బోధన్ పోయినంక బాపు చలితోని గజగజ వణికిండు. ఒళ్లు కాలిపోయింది. దగ్గితే తెమడ తుప్పు రంగుల పడ్డది. ఊపిరి తీస్తే పక్కల పోటన్నడు. ఆఖరికి సచ్చిపోయిన అవ్వ పేరు పెట్టి నన్ను పిలిచిండు. నీకు ఫోన్ చేస్తే ఇంకో కషాయం చెప్తవని ఆటోను పిలిచిన. ఎక్స్‌రే తీసి న్యుమోనియా అన్నరు. సూదిమందు పడ్డంక జర తేరుకున్నడు.

డాక్టర్ ముందర నీ ఫోన్ తియ్యకు.

రెబెకా

చెప్పుడు మర్శిన: ఇన్ని దినాలు వైద్యం ఎవరు చేసిండ్రని డాక్టర్ అడిగితే, బాపు మూతికున్న ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి "ఎవ్వలు లేరు సారూ" అన్నడు.