బాపు చదివిన ఆట

జూన్ 14, ఆదివారం
రఘునాథపల్లి

అన్నా,

ఈ ఉదయం బాపు నీ ఆటలో ఓడిపోయి, పొలానికి పోవడమే మరిచిపోయాడు.

నీ ఎడ్లబండి ఆటలో మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉండిపోయాయి. ఇంగ్లిష్ రాని బాపు కోసం తెలుగులో పెడదామన్నావు, అంతలోనే మమ్మల్ని విడిచి వెళ్లిపోయావు. పాతకాలపు వీడియో ఆటల్లోలాగా పిక్సెల్ గళ్లతో కట్టిన తెలుగు అక్షరాలు నాకు నచ్చినవి దొరకలేదు. నేనే గీశాను. మొదట ఒక్కో అక్షరాన్ని గడుల నిండా గీసేసరికి కింద వత్తులకు చోటు లేకపోయింది. అన్నీ చెరిపి, చిన్నవి చేసి, పైకి జరిపాను.

బాపు ఫోన్ దూరంగా పట్టుకుని కూడబలుక్కున్నాడు: "ఎద్దులకు దూపైతున్నది. నీళ్లు పెట్టు."

పెట్టకుండానే బండి తోలాడు. ఎద్దులు కూలబడ్డాయి.

"గిదేంది బిడ్డా, గప్పుడే పడ్డయి?"

"నీళ్లు పెట్టుమని రాసున్నది గద బాపు!"

"సదివిన. నా ఎడ్లయితే గిట్ల పడవు. మల్ల పెట్టు."

విన్నావా అన్నా, "సదివిన" అన్నాడు! వత్తులతో సహా చదివాడు.

నాలుగోసారి గెలిచాక, "గిది మీ అన్న చేసిండని ముందుగాల రాయి" అన్నాడు.

రేపు పొద్దున బాపు లేవకముందే నీ పేరు గీసి, మొదటి తెర మీద పెడతాను.

నీ చెల్లి