కాళ్లు చాపుకునేంత అరుగు

శీనూ,

ఎట్లున్నావని అడగలేను. నువ్వు పోయి ఏడాది దాటింది. కోరుట్లలో నీ ఇల్లు లేస్తోంది తమ్ముడూ... ఆ సంగతి చెప్పడానికే రాస్తున్నాను.

మస్కట్ నుంచి పంపిన డబ్బుతో నువ్వు కొన్న ఆ జాగాలోనే. రెండు గదులు, ఒక వంటిల్లు, నడుమ ఆకాశం కనిపించే చిన్న గచ్చు. నవ్వుతున్నావా?

గల్ఫ్ మేడల మీద నేను పత్రికలో రాసింది గుర్తుందా? ముందర ఎత్తు స్తంభాలు, లోపల తాళం వేసిన గదులు, ఇంటివాళ్లేమో వెనక రేకుల కింద. సిమెంటు అమ్మేవాడికి తప్ప ఎవరికీ సుఖం లేని ఇళ్లని తిట్టాను. అది చదివి నువ్వు ఫోన్ చేశావు. "అక్కా, రెండు రూముల ఇల్లే గొప్పదంటవు. గీడ ఒక్క రూముల ఎనిమిది మందిమి. మీది మంచపోడు అటు మల్గితే నాకు మెలకువొస్తది. గింతకంటె చిన్నది ఉంటదా? రా, చూసిపో."

నేను తగ్గలేదు. చిన్నది వేరు, ఇరుకు వేరని వాదించాను. అంతా విని చివరికి నువ్వన్నది ఒక్కటే. "సరే తియ్యి. కాళ్లు చాపుకుంటే గోడ తాకొద్దు. గంతే."

నిద్రలోనే పోయావన్నారు. పై మంచంలో వాడు అటు తిరిగినప్పుడు నీకెందుకు మెలకువ రాలేదు శీనూ?

నీ పెట్టె సిరిసిల్ల చేరిన మధ్యాహ్నం సంగతి నీకెవరు చెప్తారు... మరదలు సుజాత, నీ బిడ్డ ఉన్న కిరాయి ఇంటి ముందు అంబులెన్స్ ఆగింది. ఓనరు గేటుకు అడ్డం నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు, నీ కోసం ఏడ్చాడు కూడా. ఏడుస్తూనే, కిరాయి ఇంట్లోకి శవం రావద్దన్నాడు. వస్తే ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలట, తర్వాత ఎవరూ దిగరట. అడ్డం పెట్టింది ఏళ్లుగా కిరాయి తీసుకున్న చేయే. బతికున్నవాడి దగ్గర కిరాయి తీసుకోవచ్చు, చచ్చినవాడికి గడప మాత్రం ఇవ్వకూడదు. ఇదేం నీతి? నాకు ఇంకా మండేది దేనికో తెలుసా? వీధిలో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. నీతో పాటు మరమగ్గాల సాంచాలు నడిపినవాళ్లు, అందరూ కిరాయివాళ్లే. తలలు దించుకుని, కోరుట్లకు తీసుకుపొమ్మన్నారు.

అట్లా వచ్చావు నీ జాగాకు. తుమ్మచెట్ల మధ్య టెంటు వేశాం. సొంత జాగాలో నువ్వున్నది ఆ కాసేపే.

ఇల్లు కడదామన్నది సుజాతే. ప్లాను గీసింది జగిత్యాల కాలేజీలో నా దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు ఇంజినీరు. మంచి పనిమంతురాలు. పునాది తవ్విన మట్టితోనే ఇటుకలు ఒత్తించింది. పడమటి ఎండ తగలకుండా ఆ వైపు గోడ మందంగా పెట్టింది. కప్పు మీది వాన ఇంకుడు గుంతలోకి దిగుతుంది. మరదలు నేల మీద కూర్చుని బీడీలు చుడుతుంది కాబట్టి ఉత్తరం కిటికీని బాగా కిందికి దించింది, వెలుగు నేరుగా చాటలో పడుతుంది. ఇంత ఎండల్లోనూ ఏసీ అక్కరలేదంటోంది.

ఒక్కచోటే నాకు ఆమెతో తగువు వచ్చింది. జాగా కలిసొస్తుందని వాకిట్లో చిన్న మలుపు పెట్టింది. పెట్టె తిరగదని చెప్పాను. ఫ్రిజ్ పెట్టె అనుకుంది పాపం, బయటే విప్పి తేవచ్చని సముదాయించింది. ఏ పెట్టో చెప్పాక పెన్సిల్ పక్కన పెట్టేసింది.

ఈ కొత్త ఇళ్ల పుస్తకాలన్నీ తిరగేశాను శీనూ. మడతపెట్టే మంచాలు, గోడలో కలిసిపోయే అల్మారాలు, పూలకుండీలు... ఆ బొమ్మల్లో ఎవరూ ముసలివాళ్లు కారు, ఎవరూ చావరు. మనిషి చావడానికి చోటు లేనిది ఇల్లెట్లా అవుతుంది?

మలుపు తీసేశాం. తలుపు వెడల్పు చేశాం. వీధి వైపు, చూరు కింద, పొడుగ్గా ఒక అరుగు గీయించాను.

చిన్నాయన వచ్చి పని ఆపించాడు. చావు కోసం ఎవరైనా అరుగు కట్టుకుంటారా, ఆడపిల్ల ఉన్న ఇల్లు అని. మేస్త్రీ తాపీ కింద పెట్టేశాడు. నేను అరిచాను, నా సంగతి నీకు తెలుసు కదా. సుజాత అరవలేదు. చాట తెచ్చుకుని, సగం లేచిన ఆ అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. చిన్నాయన లేచిపోయేదాకా తల ఎత్తలేదు. తర్వాత మేస్త్రీకి మాత్రం చెప్పింది, ఇంకో మూర పొడుగు పెట్టమని.

పోయిన వారం... మన వీధి చివర కిరాయికున్న టైలర్ ఖాదర్ భాయ్ వాళ్ల అమ్మ జగిత్యాల ఆస్పత్రిలో కాలం చేసింది. ఇక్కడా అదే కథ. వేరే ఓనరు, అవే మాటలు. అంబులెన్స్ రోడ్డు మీద ఆగిపోయింది. సుజాత నన్ను అడగలేదు, ఎవర్నీ అడగలేదు. అరుగు మీది సిమెంటు బస్తాలు దింపించి, కడిగించి, వాళ్లను పిలుచుకొచ్చింది. ఆడవాళ్లు చుట్టూ దుప్పట్లు పట్టుకున్నారు. ఆ తల్లి ఆఖరి స్నానం మనింట్లో, మన గోళెం నీళ్లతోనే జరిగింది. వెళ్లేముందు ఖాదర్ భాయ్ ఆ గోళెం మళ్లీ నింపిపెట్టాడు.

ఇక గృహప్రవేశం ఎట్లా చేస్తారని చిన్నాయన మళ్లీ వచ్చి అడిగాడు. అయిపోయింది కదా మామా, అంది సుజాత.

నేనింకా చిన్న ఇల్లే అంటాను శీనూ. నువ్వుంటే ఇంకా కొట్లాడేవాళ్లం. కొట్లాడేవాడివి నువ్వే లేవు... ఈ వీధిలో కిరాయికున్న ఏ మనిషీ పోయాక ఇక రోడ్డు మీద ఉండడు. ఆ మాట నీకిస్తున్నాను.

నిన్న సాయంత్రం అందరూ లోపల ఉన్నప్పుడు ఆ అరుగు మీద పడుకుని చూశాను. నీ అంత పొడుగు కాను. అయినా పూర్తిగా చాపాను కాళ్లు.

గోడ తాకలేదు.

నీ అక్క